గొళ్ళెం ఏ వైపు

మేస్త్రికి మాటలు తక్కువ. ఊళ్ళో ఆయన్ని మూగ మేస్త్రి అంటారు, మొహం మీదే అంటారు, ఆయన నవ్వి ఊరుకుంటాడు. ఇరవై ఆరేళ్ళ కిందట రెండు ఉలులు, ఒక చిత్రిక చేతిసంచిలో పెట్టుకుని సరిహద్దు దాటి వచ్చాడు. ఇవాళ ఊళ్ళో సగం ఇళ్ళ తలుపులు ఆయన చేతివే. ముస్లిం అని అందరికీ తెలుసు. తెలిసినా నిన్న మొన్నటిదాకా ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఆయన కూడా ఎత్తే అవకాశం ఇవ్వకుండా, కిటికీ తెర దించుకుని ఇంట్లోనే నమాజు చేసుకునేవాడు.

ఆయన ప్రాణమంతా చొక్కా జేబులో ఉండేది. ఈ దేశంలో ఉండనిచ్చే అరచేయంత కార్డు. ఏటా ఊరి ఆఫీసుకి పోయి ముద్ర వేయించుకోవాలి. అది ఉంటేనే పని, అది ఉంటేనే అద్దె ఇల్లు, అది ఉంటేనే కూతురికి నర్సు చదువు. రోజుకి ఎన్నిసార్లు ఆ జేబు తడుముకునేవాడో ఆయనకే తెలియదు. దూలం మీద కూర్చుని మేకు కొడుతూ కూడా ఎడమచెయ్యి ఒకసారి జేబు దాకా పోయి వచ్చేది.

ఈ ఏడు ముద్ర వేసే ముందు గుమాస్తా ఒక కొత్త కాగితం ముందుకు తోశాడు.

"ఇది ముస్లిం కార్డుదారులకే. పైనుంచి వచ్చింది మేస్త్రీ, నన్నేమీ అనకండి."

"నేనెప్పుడన్నానండీ."

"అదే, మీరు అనరు. మీ తర్వాత వచ్చేవాళ్ళు అంటారు."

కాగితంలో ఒకటే ప్రశ్న. సరిహద్దు దాటి కాగితాలు లేకుండా వస్తున్నవారిలో మీ రక్తసంబంధీకులు ఉన్నారా? పక్కన ఉన్నారు, లేరు అని రెండు గళ్ళు. అడుగున చీమల బారులాగా చిన్న అక్షరాలు. అబద్ధమని తేలితే కార్డు రద్దు, కుటుంబమంతా సరిహద్దుకి.

మేస్త్రి 'లేరు' గడిలో గీత పెట్టాడు. నిజమనుకునే పెట్టాడు. తల్లీ తండ్రీ పోయిన కబురు ఎప్పుడో అందింది. ఉన్న ఒక్క చెల్లెలి ఊరు కిందటేడు తగలబడింది. ఆ ఊరినుంచి ఎవరూ మిగల్లేదని విన్నాక మూడు రోజులు అన్నం సహించక, నాలుగో రోజు పనిలోకి పోయాడు.

ఆ కాగితం మీద సంతకం ఆరిన ఎనిమిదో రోజున రెండు లారీలు వచ్చాయి. అరవై నాలుగు మంది. అందరూ ముస్లింలే. ఊరి చివర మూతబడిన నూలుమిల్లులో దింపారు.

మిగతా మతాల వాళ్ళు వస్తే మూడు రోజుల్లో కాగితం చేతికొస్తుంది. ముస్లింలైతే ఏ ఊరికి ఆ ఊరు సభ పెట్టి, చేతులెత్తించి, ఉంచుకుంటారో వెనక్కి పంపుతారో తేల్చుకోవాలి. కొత్త చట్టం అది. ఈ ఊరి సభ గురువారం అన్నారు. మంగళవారం పొద్దున్నే గుమాస్తా మేస్త్రికి పని చీటీ ఇచ్చాడు. 'నూలుమిల్లు పదకొండు గదులకు గొళ్ళేలు బిగించవలెను.' ఏ వైపు అన్నది చీటీలో లేదు. గుమాస్తా చెప్పలేదు. మేస్త్రి అడగలేదు.

అడగాల్సిన సంగతని ఆయనకి తోచనే లేదు. మనుషులు పడుకునే గదికి గొళ్ళెం లోపల. గింజలు పోసే కొట్టుకి, పశువుల కొట్టానికి బయట. తండ్రి దగ్గర నేర్చుకున్న మొదటి పాఠం అది. తుమ్ము వస్తే చెయ్యి అడ్డం పెట్టుకున్నట్టు, చెయ్యి దానంతటది చేసేసే పని.

మిల్లు గోడలకి ఇంకా నూలు పీచు అంటుకుని ఉంది. గదుల్లో చాపలు పరిచి ఉన్నాయి. చాపల పక్కన చెప్పుల జతలు, కొన్నిటికి రెండోది లేదు. వాచ్‌మన్ నడవలో కుర్చీ వేసుకుని, మెడలో ఈల వేసుకుని కూర్చున్నాడు. వచ్చినవాళ్ళు గట్టిగా మాట్లాడుకోవడం లేదు. పిల్లలు సైతం ఏడవబోయి తల్లుల మొహం చూసి మానేస్తున్నారు. పనిలో ఉన్నంతసేపూ మేస్త్రి వాళ్ళ వైపు చూడలేదు. ఎక్కువసేపు చూస్తే వాచ్‌మన్ ఏమనుకుంటాడోనని.

మేస్త్రికి ఇంకో అలవాటు ఉంది, అదీ తండ్రిదే. తలుపు బిగించాక ఆఖరి మరమేకు తను తిప్పడు. స్క్రూడ్రైవరు పిడి అవతలి వైపు తిప్పి, ఆ ఇంటి ఆడమనిషి చేతికిస్తాడు. తలుపు ఎవరిదో వాళ్ళ చెయ్యి పడాలి. ఊళ్ళో మొదట్లో నవ్వేవాళ్ళు. "కూలి మాత్రం నువ్వే తీసుకుంటావుగా మేస్త్రీ" అనేవాళ్ళు. ఇప్పుడు అలవాటై, ఆఖరి మేకు దాకా వచ్చాడంటే కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడతారు.

ఇక్కడా అలాగే ఇస్తూ పోయాడు. ఒకామె తీసుకోవడానికి భయపడింది. ఒకామె తలకిందులుగా పట్టుకుంది. ఏడో గది దగ్గర ముప్పై మూడు, ముప్పై నాలుగేళ్ళ మనిషి. ఎడమచేత్తో తీసుకుని చకచకా తిప్పేసింది. తర్వాత తలుపుని రెండుసార్లు తెరిచి మూసి, బందు దగ్గర చెవి పెట్టి వింది.

"మా నాన్న కూడా ఆఖరి మేకు మా అమ్మచేతే తిప్పించేవాడు" అంది, తల ఎత్తకుండానే, సరిహద్దు అవతలి భాషలో.

మేస్త్రి పెదాల మధ్య మూడు మరమేకులున్నాయి. ఒకటి గొంతులోకి పోబోయింది. మిగతావి చేతిలోకి ఉమ్ముకున్నాడు.

"మీది ఏ ఊరు?"

చెప్పింది.

"ఇంట్లో ఎవరెవరు?"

"ఇప్పుడెవరూ లేరు. మా ఆయన దారిలో తప్పిపోయాడు. ఒక అన్నయ్య ఉండేవాడు. నా ఏడో ఏట చెక్క ఏనుగు చేసుకొస్తానని చెప్పి పోయాడు. దొంగ మొహంగాడు, మళ్ళీ రాలేదు."

అప్పుడు చూశాడు ఆమె ఎడమ కనుబొమ మధ్య సన్నటి గాటు. నాలుగేళ్ళ పిల్ల పరిగెత్తుకొచ్చి తన ఉలి కింద తలపెట్టినప్పుడు పడ్డది. ఆ రోజు తండ్రి తననే కొట్టాడు.

"ఏనుగు చేశానే. తొండం విరిగింది" అన్నాడు మేస్త్రి.

ఆమె తలుపు రెక్క పట్టుకుంది. మొహం తెల్లబోయింది. పది అడుగుల దూరంలో కుర్చీ కిర్రుమంది.

"ఏం మేస్త్రీ, మాటలు వచ్చేశాయే నీకు? ఇన్నేళ్ళూ మా దగ్గరేనా మూగతనం?" అన్నాడు వాచ్‌మన్.

"తలుపు పట్టేస్తోందేమో చూడమంటున్నాను" అన్నాడు మేస్త్రి. మరమేకు కింద పడినట్టు వంగి నేల వెతుకుతూ, ఆమెకి మాత్రమే వినిపించేట్టు నాలుగు ముక్కలు చెప్పాడు. భార్య ఉంది. ఒక కూతురు, నర్సు చదువుతోంది. రక్తసంబంధీకులు లేరని సంతకం పెట్టాను. అబద్ధమని తేలితే ఈ జేబులో ఉన్న కార్డు రద్దు, ముగ్గురం లారీ ఎక్కాలి.

"అయితే లేననే అనుకో. నాకేం, ఇన్నేళ్ళూ లేకుండానే ఉన్నానుగా" అంది ఆమె, స్క్రూడ్రైవరు చేతికిస్తూ.

ఎనిమిదో గదిలో మేకు మూడుసార్లు జారింది. పదకొండూ బిగించేసరికి చొక్కా వీపుకి అతుక్కుపోయింది. అన్ని గొళ్ళేలూ లోపలి వైపే.

సాయంత్రం భార్య మిషను మీద ఎవరిదో జాకెట్టు కుడుతోంది. మేస్త్రి గడప మీద కూర్చుని చెప్పాడు. ఆమె పెడల్ మీద కాలు ఆపేసింది.

"ఎవరికైనా చెప్పారా?"

"నేనెవరికి చెబుతాను."

"నిజమేలెండి, నాకే సగం చెబుతారు." నవ్వబోయింది, నవ్వు రాలేదు. "ఎలా ఉంది?"

"సన్నగా ఉంది. అమ్మ మాట, అమ్మ విసురు."

ఆమె చాలాసేపు గుడ్డ అంచు మడుస్తూ కూర్చుంది. "మొహం చూడకపోయినా ఆడబిడ్డ ఆడబిడ్డే. కాదనను. కానీ పిల్ల మనకి ఒక్కతి. ఇంకో రెండు నెలల్లో పరీక్షలు. మనల్ని వెనక్కి పంపితే అక్కడ పిల్లని ఏం చేస్తారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. నేను సరిహద్దు దాటి ఎందుకు వచ్చానో మర్చిపోయారా?"

"లేదు."

"సభ ఒప్పుకుందనుకోండి, వాళ్ళు ఇక్కడే ఉంటారు. మెల్లగా కొత్తగా పరిచయమైనవాళ్ళలాగే పలకరించుకుందాం. అంతదాకా ఆ వైపు చూడకండి. ఒట్టేయండి."

మేస్త్రి ఒట్టు వేయలేదు, కాదనలేదు. సభ ఒప్పుకోకపోతే అన్న మాట ఇద్దరిలో ఎవరూ అనలేదు. ఆమె మిషను తొక్కడం మొదలుపెట్టింది. కాసేపటికి చూస్తే సూది కింద గుడ్డ లేదు.

బుధవారం పొద్దున్న వాచ్‌మన్ తలలు లెక్కపెట్టడానికి పోయి ఏడో గది తలుపు తోస్తే రాలేదు. ఎనిమిదోదీ రాలేదు. పదకొండు తలుపులూ లోపల గొళ్ళెం వేసి ఉన్నాయి. ఎన్నాళ్ళ తర్వాతో తలుపేసుకుని పడుకున్న ఆడవాళ్ళు, మగగొంతు వినపడేసరికి వెంటనే తియ్యలేదు. వాచ్‌మన్ ఈల ఊదుకుంటూ ఆఫీసుకి పరిగెత్తాడు.

మొదట తలుపులు వేసుకున్నారని అన్నారు. ఆ మాట కూరగాయల బజారు చేరేసరికి తలుపులకి బల్లలు అడ్డం పెట్టుకున్నారని అయింది. బస్టాండు చేరేసరికి లోపల ఏదో దాస్తున్నారు. మంగలి షాపులో అప్పటికే దాచినవి ఎన్నో కూడా తెలిసిపోయింది. మేస్త్రి అక్కడ గడ్డానికి సబ్బు పూయించుకుని ఉన్నాడు. కత్తి గొంతు మీద ఆడుతోంది.

"నువ్వే కదా మేస్త్రీ నిన్న తలుపులు చేసింది? నీకేం కనపళ్ళేదా?" అన్నాడు మంగలి.

"చాపలున్నాయి" అన్నాడు మేస్త్రి. అప్పుడు తెలిసింది ఆయనకి. ఆఫీసువాళ్ళు అడిగిన గొళ్ళెం బయటిది. వాళ్ళ లెక్కలో అది గది కాదు, కొట్టు. కదిలితే కత్తి కోస్తుందని కదలకుండా కూర్చున్నాడు.

గురువారం మధ్యాహ్నం రెండింటికల్లా సభ హాలు నిండిపోయింది. కార్డుదారులకి చేతులెత్తే హక్కు లేదు, వెనక బల్ల మీద కూర్చుని వినొచ్చు. మేస్త్రి, ఆయన భార్య, ఇంకో నలుగురైదుగురు అక్కడ కూర్చున్నారు. ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. ముందు పక్కన గోడ వారగా మిల్లునుంచి తెచ్చిన ఐదుగురిని నిలబెట్టారు, ఏమైనా అడగాల్సి వస్తే జవాబు చెప్పడానికి. వాళ్ళలో మేస్త్రి చెల్లెలుంది. సరిహద్దు సంతలో గుడ్డలమ్మిన మనిషి కాబట్టి ఈ ఊరి భాష వచ్చింది ఆమె ఒక్కదానికే.

రిటైరైన పోస్టుమాస్టరు అధ్యక్షుడు. బల్ల మీద గ్లాసుతో టకటకా కొట్టి, "ఒకరి తర్వాత ఒకరు. కేకలొద్దు" అన్నాడు.

రొట్టెల షాపామె ముందు లేచింది. ఊళ్ళో ఎవరి పెళ్ళయినా చావయినా ఆమె బుట్ట ముందు చేరుతుంది.

"నేను చెడ్డదాన్ని కాదు. ఈ మూడు రోజులూ మిల్లుకి రొట్టె నా షాపునుంచే పోయింది. కానీ నా మరిదిని సంతలో బాంబు పెట్టి చంపారు. పెట్టినవాళ్ళు ఏ దేవుడి పేరు చెప్పి పెట్టారో మీకందరికీ తెలుసు. ఈ అరవై నాలుగు మందిలో అలాంటివాడు ఒక్కడుంటే? వాడి మొహం మీద రాసి ఉంటుందా? నాకు భయంగా ఉంది. రొట్టె పెట్టినంతమాత్రాన భయం పోదు."

హాల్లో చాలామంది తలలు ఊపారు. మేస్త్రికి కోపం రాలేదు. ఆమె మరిదికి శవపేటిక చేసింది తనే. ఆమె వణుకు దొంగ వణుకు కాదని ఆయనకి తెలుసు. అందుకే ఇంకా భయమేసింది.

బడి పెద్ద టీచరమ్మ లేచింది. "వీళ్ళ ఊళ్ళు తగలబెట్టింది కూడా ఆ బాంబులవాళ్ళే కదమ్మా. వాళ్ళనుంచి పారిపోయి వచ్చినవాళ్ళని చూసి మనం వాళ్ళే అనుకుంటే ఎలా? విచారణ చెయ్యండి, వద్దనను. వచ్చిన ప్రతివాడికీ చెయ్యండి. ఒక మతం వాడికి మూడు రోజుల్లో కాగితమిచ్చి, ఇంకో మతం వాడికి సభ పెడితే అది విచారణ ఎలా అవుతుంది?"

"మీకేం టీచరమ్మా, నాలుగింటికి బడికి తాళం వేసుకుంటారు" అన్నాడు బస్సు డ్రైవరు. "నా బస్సులో ఎవడెక్కుతాడో నాకేం తెలుసు?"

"నీ బస్సెక్కినవాడు దిగితే చాలని మొక్కుకుంటాడు గానీ, వేరే పనులు పెట్టుకుంటాడా?" అన్నారెవరో వెనకనుంచి. నవ్వులు లేచాయి. పోస్టుమాస్టరు గ్లాసు మోగించాడు.

"నవ్వులాటలొద్దు. నీళ్ళే రోజు విడిచి రోజు వస్తున్నాయి మనకి" అన్నాడు డ్రైవరు పట్టు విడవకుండా. "ఇవాళ అరవై నాలుగు మంది. ఒప్పుకున్నామని తెలిస్తే రేపు ఆరొందలు. మనం పొరుగూరు పోయి తలదాచుకోవాలి."

"మన మేస్త్రి లేడా? ఆయనా ముస్లిమే. ఇన్నేళ్ళలో చీమకైనా హాని చేశాడా?" అంది టీచరమ్మ.

"మేస్త్రి సంగతి వేరు. మేస్త్రి మనవాడు" అంది రొట్టెల షాపామె. నిజంగానే అంది. తలలన్నీ వెనక్కి తిరిగాయి, కొందరు నవ్వారు కూడా. మేస్త్రి జేబు తడుముకున్నాడు. మనవాడన్న మాట ఇచ్చింది వాళ్ళు. వెనక్కి తీసుకోవాలనుకుంటే ఎంతసేపు.

"అయితే గొళ్ళేల సంగతేంటి?" అని ఎవరో అరిచారు. దాంతో హాలంతా ఒక్కసారి గోల. లోపల ఏం దాచారో తేల్చమన్నారు. తలుపులు పగలగొట్టాలన్నారు. గోడ వారగా నిలబడ్డ ఐదుగురూ ఒకరికొకరు దగ్గరగా జరిగారు.

మేస్త్రి లేచి నిలబడ్డాడు. భార్య మోచెయ్యి పట్టుకుంది, అప్పటికే ఆలస్యమైంది. మూగ మేస్త్రి సభలో లేవడం ఎవరూ ఎరగరు. గోల దానంతటదే తగ్గింది.

"గొళ్ళేలు లోపల పెట్టింది నేనండీ. వాళ్ళు కాదు."

గుమాస్తా తల పట్టుకున్నాడు. పోస్టుమాస్టరు కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "లోపలెందుకు పెట్టావయ్యా?"

"చీటీలో ఏ వైపో లేదండీ. చాపలు కనబడ్డాయి, మనుషులున్నారని లోపల పెట్టాను. పశువులైతే బయట పెట్టేవాణ్ణి."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. అప్పుడు డ్రైవరు, పెద్ద పగతో కాదు, మామూలుగానే అడిగాడు.

"మేస్త్రీ, అందులో నీవాళ్ళెవరైనా ఉన్నారా?"

ఉన్నారంటే మూడు బతుకులు పోతాయి. లేరంటే చెల్లెలు గోడ దగ్గర నిలబడి వింటోంది. మేస్త్రి నోరు తెరిచేలోపే అక్కడినుంచి జవాబు వచ్చింది, ఈ ఊరి భాషలో, స్పష్టంగా.

"ఈయనెవరో మాకు తెలియదండీ. తలుపులు చెయ్యడానికి వచ్చిన మనిషి."

ఆమె మేస్త్రి వైపు చూడనైనా చూడలేదు. పోస్టుమాస్టరు "సరే, కూర్చో" అన్నాడు. మేస్త్రి కూర్చున్నాడు. పక్కన భార్య పెద్దగా ఊపిరి వదిలింది.

చేతులెత్తించారు. ఉంచుకుందామన్నవాళ్ళు తొంభై ఏడు. వద్దన్నవాళ్ళు నూట పన్నెండు. రెండోసారి లెక్కపెట్టినా అంతే.

"రేపు తెల్లారి లారీలు" అన్నాడు పోస్టుమాస్టరు. గెలిచినవాళ్ళు కూడా చప్పట్లు కొట్టలేదు. రొట్టెల షాపామె ఒళ్ళో చేతులు పెట్టుకుని, వాటి వంకే చూసుకుంటోంది.

టీచరమ్మ మళ్ళీ లేచింది. గొంతు బొంగురుపోయింది. "కనీసం ఇక్కడ సొంతవాళ్ళు ఉన్నవాళ్ళనైనా ఆపండి. కార్డున్న అన్నో తమ్ముడో పూచీ పడితే ఉంచొచ్చని చట్టంలోనే ఉంది. నేను చదివాను."

పోస్టుమాస్టరు పుస్తకం తెప్పించి, వేలు పెట్టి చదివాడు. ఉంది. ఈసారి రొట్టెల షాపామె కూడా చెయ్యెత్తింది. రక్తసంబంధీకులు ఐదింటిలోగా ఆఫీసుకొచ్చి పూచీ రాయాలని తీర్మానం రాశారు.

"అలాంటివాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని వెనక బల్ల వైపు చూశాడు పోస్టుమాస్టరు.

ఎవరూ కదల్లేదు. ఆ బల్ల మీద కూర్చున్నవాళ్ళలో 'ఉన్నారు' గడిలో గీత పెట్టినవాడు ఒక్కడూ లేడు. మేస్త్రి చివర కూర్చున్న ముసలి చెప్పుల దుకాణదారు వైపు చూశాడు. ఆయన నేల వైపు చూస్తున్నాడు. ఆయనకి ఎవరున్నారో ఆ మిల్లులో.

"ఎవరూ లేరన్నమాట" అని పుస్తకం మూశాడు పోస్టుమాస్టరు.

జనం లేచి బయటికి నడుస్తున్నారు. గోడ గడియారంలో నాలుగుంపావు. చెల్లెలు తనని కాపాడాలనే తెలియదంది. ఇప్పుడు ఆ మాటే ఆమె మెడకి చుట్టుకుంది. ఇప్పుడు పోయి నా చెల్లెలంటే, కాగితం మీద తన అబద్ధం, సభలో ఆమె అబద్ధం, రెండూ ఒకేసారి బయటపడతాయి. పోకపోతే ఏమీ బయటపడదు. తెల్లారి లారీ కదులుతుంది, అంతే.

మేస్త్రి లేచాడు. భార్య ఆయన చొక్కా అంచు పట్టుకుంది. కూతురి మొహం ఇద్దరి మధ్యా నిలబడింది. ఆమె వేళ్ళు బిగుసుకున్నాయి, మెల్లగా వదిలేశాయి. ఆయన ఆఫీసు గది వైపు నడిచాడు. పక్కన ఎవరు పలకరించారో తెలియలేదు.

గుమాస్తా కాగితాలు సర్దుకుంటున్నాడు. "గొళ్ళేల సంగతైతే ఇప్పుడొద్దు మేస్త్రీ. నన్ను పెట్టిన చీవాట్లు చాలు."

"సభలో జవాబు చెప్పినావిడ నా చెల్లెలండీ. పూచీ రాసుకోండి."

గుమాస్తా చేతిలో కాగితాలు ఆగిపోయాయి. లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. "మీరు లేరని సంతకం పెట్టారు. తెలుసా?"

"అప్పుడు తెలియదండీ. మంగళవారం తెలిసింది."

"మంగళవారం తెలిస్తే బుధవారం ఎందుకు రాలేదు?"

"భయం."

"ఇప్పుడు లేదా?"

"ఉంది" అన్నాడు మేస్త్రి. బల్ల అంచు పట్టుకున్నాడు.

గుమాస్తా ఆమెని పిలిపించాడు. ఆమె వచ్చి, గది మధ్యలో నిలబడి, మేస్త్రిని చూసి, ఆయన ఎందుకు వచ్చాడో వెంటనే గ్రహించింది. మొహంలో ఏమీ కనపడనివ్వలేదు.

"ఈయన మీ అన్నయ్యా?"

"కాదండీ. ఇందాకే చెప్పాను."

"మీరు తన చెల్లెలని ఈయన అంటున్నారు."

"పాపం మంచి మనిషి. జాలిపడి చెబుతున్నారు. రాసుకోకండి. నాకు అన్నదమ్ములు లేరు."

గుమాస్తా కలం మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు. "మేస్త్రీ, రెండుసార్లు కాదంది. నేనేం రాయను? కాగితం ఏదైనా ఉందా? ఫోటో ఉందా?"

ఏమీ లేదు. తగలబడ్డ ఊళ్ళో కాగితాలు ఎక్కడుంటాయి. నాలుగున్నర దాటింది. బయట డ్రైవర్లు లారీల ఇంజన్లు పరీక్షించుకుంటున్నారు. ఆ చప్పుడుకి కిటికీ అద్దం సన్నగా అదిరింది. చెల్లెలి చూపు మేస్త్రి చొక్కా జేబు మీద ఉంది. ఆయన అప్పుడు చూశాడు. ఆమె కాపలా కాస్తున్నది దాన్ని.

జేబులోంచి కార్డు తీసి గుమాస్తా ముందు పెట్టాడు.

"ఇది నా దగ్గర ఉందనే అలా అంటోంది. తీసేసుకోండి."

ఆమె ఒక్కసారిగా మేస్త్రి మీదికి వచ్చింది. ఈ ఊరి భాష మర్చిపోయింది. వాళ్ళ భాషలో, ఊపిరి తీసుకోకుండా మొదలుపెట్టింది.

"బుద్ధుందా నీకు? ఆడపిల్లని ఇంట్లో పెట్టుకుని దాన్ని తీసి వాడి చేతిలో పెడతావా? నేనిన్నిసార్లు కాదంటుంటే నీకు అర్థం కాలేదా? చిన్నప్పటినుంచీ ఇంతే నువ్వు. ముందు చేసెయ్యడం, తర్వాత నెత్తి కొట్టుకోవడం. నాన్న నిన్ను ఊరికే తిట్టేవాడా? తీసుకో. ముందు అది తీసుకో. వదిన మొహం ఎలా చూస్తావు?"

మాట్లాడుతూనే చెయ్యి చాచి కార్డు అందుకోబోయింది. గుమాస్తా దాని మీద అరచెయ్యి పెట్టాడు. ఆమె ఆ చేతిని చూసి ఆగింది. మళ్ళీ అన్నవైపు తిరిగి, చొక్కా భుజం పట్టుకుని గుంజుతూ, ఏడుస్తూ తిట్టింది. మేస్త్రి తల వంచుకుని నిలబడ్డాడు.

"ఏమంటోంది?" అన్నాడు గుమాస్తా మెల్లగా.

"తిడుతోందండీ."

"అది తెలుస్తూనే ఉంది." గుమాస్తా కాసేపు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "మా అక్క నన్ను ఇలాగే తిడుతుంది. పరాయివాణ్ణి ఎవరూ ఇంత హక్కుగా తిట్టరు."

కలం మూత తీశాడు. పూచీ కాగితంలో ఆమె పేరు, ఆయన పేరు, సంబంధం అన్నచోట చెల్లెలు అని రాసి, సంతకం ఎక్కడో వేలితో చూపించాడు. మేస్త్రి పెట్టాడు. అక్షరాలు గీతదాటి కిందికి జారాయి.

"ఈమె రేపు లారీ ఎక్కక్కర్లేదు. కానీ కార్డు నేను తిరిగి ఇవ్వలేను మేస్త్రీ. విచారణకి పంపాలి. ఎన్నాళ్ళు పడుతుందో, ఏమంటారో నాకు తెలియదు. ఏమీ కాదని మీకు నేను చెప్పలేను."

సొరుగు తీసి కార్డు లోపల వేసి తాళం తిప్పాడు.

మేస్త్రి చెయ్యి అలవాటుగా జేబు దాకా పోయింది. గుడ్డ తప్ప ఏమీ తగల్లేదు. తలుపు సందులోంచి చూస్తే వరండాలో భార్య నిలబడి ఉంది. బయటికి పోయి ఆమెకి ముందు ఏ మాట చెప్పాలో ఆయనకి తోచలేదు. వెనక చెల్లెలు ఇంకా తిడుతూనే ఉంది.